విహారిణి లోపాలు - ఇంటి కంప్యూటరు రక్షణ

బ్రౌజరు అని వ్యవహరించే విహారిణిని తయారు చేసేటపుడు దొర్లిన పొరపాటు వలన, తెరిచిన వెబ్ పేజీకి ఉండకూడని అధికారం లభించడాన్ని విహారిణి భద్రతా లోపం అంటారు. మామూలుగా పేజీలోని ప్రోగ్రాము విహారిణి గీసిన గిరి దాటి కంప్యూటరులోని ఫైళ్ళను తాకలేదు. లోపమున్నచోట ఆ గిరి చెదిరిపోతుంది. అపుడు వాడుకరి దేనిమీదా నొక్కకపోయినా, పేజీ తెరచినంత మాత్రాననే హానికర ప్రోగ్రాము లోనికి రాగలదు.

"నేను చెడ్డ సైట్లకు వెళ్ళను, నాకేమి భయం" అనుకోవడం పొరపాటు. 2004 జూన్‌లో దుండగులు మామూలు సైట్లలోకే చొరబడి, వాటిని చూడవచ్చినవారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని లోపాల గుండా హానికర ప్రోగ్రాములను ఎక్కించారు. అప్పుడు అమెరికా ప్రభుత్వ సంస్థ యుఎస్-సర్ట్ వేరే విహారిణిని వాడడం కూడా ఒక మార్గమని సూచించింది.

తెలుగు పాఠకుల చిక్కు

ఆ సలహా పాటించడం తెలుగువారికి అంత సులభం కాలేదు. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు ఈనాడు వంటి పత్రికల సైట్లు సొంత ఫాంటులను వాడేవి. ఎక్స్‌ప్లోరర్‌లో అవి వాటంతటవే దిగి అక్షరాలు కనబడేవి. ఫాంటును విడిగా స్థాపించుకోకపోతే ఇతర విహారిణులలో అర్థంకాని గుర్తులే వచ్చేవి. అనగా పొద్దున్నే పత్రిక చదవడానికి లోపాల విహారిణినే అట్టిపెట్టుకోవాలి! 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వెలువడిన తరువాత, దానికోసం నాగార్జున వెన్న రూపొందించిన పద్మ అనే పొడిగింత ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపింది. పద్మను అక్షరాల సౌకర్యంగానే తలచుకుంటారు గాని, భద్రతకు అది చేసిన మేలూ తక్కువ కాదు.

రక్షణ పద్ధతులు

అన్నిటికన్నా ముఖ్యమైనది తాజాకరణ. లోపం బయటపడగానే తయారీదారు సవరణను విడుదల చేస్తాడు. అది దిగినా విహారిణిని ఒకసారి మూసి తెరిచేవరకు అమలులోకి రాదు. రోజుల తరబడి మూయనివారు ఈ సంగతి గమనించాలి. మద్దతు ముగిసిన వ్యవస్థకు సవరణలు రావు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ముగిసింది. అదే నెల 26న ఎక్స్‌ప్లోరర్‌లో పెద్ద లోపం వెల్లడయింది. మే 1న ఎక్స్‌పీకి కూడా సవరణ ఇచ్చారు గాని, అది మినహాయింపు మాత్రమే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది.

రోజువారీ పనికి నిర్వాహక ఖాతాను వాడరాదు. పరిమిత ఖాతాలో ఉన్నపుడు చొరబడిన ప్రోగ్రాముకూ పరిమిత అధికారమే దక్కుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం దాపున హబ్సిగూడలోనో తార్నాకలోనో ఒకే గదిలో నలుగురు విద్యార్థులు ఒక కంప్యూటరును పంచుకుంటే నాలుగు ఖాతాలు ఉండాలి, నిర్వాహక ఖాతా వేరుగా ఉండాలి. అవసరంలేని పొడిగింతలను తీసివేయాలి. వైరస్ నిరోధకాలు తోడ్పడతాయి గాని సవరణకు బదులు కావు.

భారతదేశంలో కొత్త లోపాలపై హెచ్చరికలను 2004 జనవరిలో ఏర్పడిన సర్ట్-ఇన్ తన సైటులో ప్రకటిస్తుంది. కంప్యూటరుపై అనుమానం కలిగితే సంకేతపదాలను వేరొక కంప్యూటరు నుండి మార్చుకోవాలి. డబ్బు పోయినట్లయితే వెంటనే బ్యాంకుకు, 1930 నంబరుకు తెలియజేయాలి.