పశువైద్యుల సభ

చెన్నై, బీదర్, నాగపూర్‌లలోని పశువైద్య విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు శాస్త్ర సభలు జరుపుతుంటాయి. సభ అనగానే దండలు, ఉపన్యాసాలు గుర్తుకు వస్తాయి. అవీ ఉంటాయనుకోండి! కాని ఇలాంటి సభ మొదట పుట్టింది ఒక రోగభయం వల్ల.

ఆ రోగం ముసర వ్యాధి. అది సోకిన పశువుకు తీవ్రమైన జ్వరం వచ్చేది. నోరు పుండ్లు పడేది, పారుడు పట్టుకొనేది. కొద్దిరోజుల్లోనే మందకు మంద చచ్చిపోయేది. రైళ్లు, పొగ ఓడలు వచ్చాక పశువుల వ్యాపారం దేశాలు దాటింది. వాటితోపాటు రోగమూ ప్రయాణం చేయసాగింది.

ఎడిన్‌బరోలో పశువైద్య కళాశాల స్థాపించిన ఆచార్యుడు జాన్ గామ్‌జీ 1863లో పలు దేశాల పశువైద్యులను హాంబర్గ్ నగరానికి పిలిచాడు. పది దేశాలనుండి సుమారు వందమంది వచ్చారు. అంటురోగాల గురించి, పశువుల వ్యాపారానికి అందరూ పాటించవలసిన నియమాల గురించి చర్చించారు. ముసర బ్రిటన్‌కూ రాగలదని గామ్‌జీ హెచ్చరించాడు. ప్రభుత్వం పట్టించుకోలేదు. 1865లో అది రానే వచ్చింది. లక్షల పశువులు పోయాయి.

1920లో మన దేశంనుండి బ్రెజిల్‌కు పంపిన పశువులు దారిలో బెల్జియంలో ఆగినప్పుడు అక్కడా ముసర చెలరేగింది. మరుసటి ఏడు పారిస్‌లో సభ జరిగింది. 1924లో 28 దేశాలు కలిసి పశురోగాల సమాచారం పంచుకొనే సంస్థను నెలకొల్పుకొన్నాయి. తరువాత మంచి టీకాలు వచ్చాయి. మన దేశంలో చివరిసారి ముసర కనిపించింది 1995లో. 2011లో ప్రపంచమంతటా అది అంతరించిందని ప్రకటించారు. ఆ వైరస్ ఇప్పుడు కొన్ని ప్రయోగశాలల్లో మాత్రమే ఉంది.