వడ్డీ లేదు, తేదీయే గండం

మరమగ్గాల కూలీ కుటుంబానికీ క్రెడిట్ కార్డు అందే రోజులివి. అయితే కార్డు లెక్క నెల జీతానికి తగ్గట్టు ఉంది, మగ్గం కూలీకి తగ్గట్టు లేదు

దీపావళికి రెండు రోజుల ముందు వచ్చే ధన్‌తేరస్ గుజరాత్‌లో కొనుగోళ్ల పండగ. ఆ రోజు కొత్త వస్తువు ఇంటికొస్తే లక్ష్మి వచ్చినట్లేనని నమ్మకం. ఒకప్పుడు ఇత్తడి గిన్నెతోనో వెండి నాణెంతోనో తీరిపోయిన ఈ ముచ్చట ఇప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మోటారు సైకిల్ దాకా వచ్చింది. దుకాణాల బ్యానర్ల మీద ధర కన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది 'వడ్డీ లేదు' అన్న మాట. సరిగ్గా అదే వారంలో సూరత్‌లో మరమగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. దీపావళి సెలవులు మొదలవుతాయి. కొన్ని కార్ఖానాలు రెండు వారాలకు తెరుచుకుంటాయి. గిరాకీ లేని ఏడాదైతే మరికొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది.

దుకాణం క్యాలెండర్‌కూ మగ్గం క్యాలెండర్‌కూ మధ్య ఉన్న ఈ తేడా బాగా తెలిసొచ్చేది నవాగామ్ లాంటి చోట్లే. ఉధ్నా, లింబాయత్, దిండోలీలతో కలిసిపోయిన ఈ ప్రాంతం వలస కార్మికుల సూరత్‌లో భాగం. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఉత్తరాది కార్మికులతో పాటు తెలంగాణ నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలూ ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు షోలాపూర్, భీవండీ, ముంబైలకు వెళ్లినట్లే సూరత్‌కూ దశాబ్దాల కిందటే దారి పట్టారు. సూరత్ నగరపాలక సంస్థ ఇతర భాషలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే వీరి సంఖ్య ఏపాటిదో ఊహించవచ్చు.

సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల మీద ఇక్కడా మీటరు లెక్కనే కూలీ. పన్నెండు గంటల షిఫ్టు మామూలే. జీతం చీటీ చాలామందికి ఉండదు. పెద్ద వస్తువు కొనాలంటే నిన్నమొన్నటి దాకా ఉన్న దారులు మూడే: చీటీ పాట, సేఠ్ దగ్గర అడ్వాన్సు, తెలిసిన దుకాణంలో ఖాతా. ఇప్పుడు నాలుగోది వచ్చింది, క్రెడిట్ కార్డు. దుకాణాల్లోనో ఆఫీసుల్లోనో నెల జీతానికి కుదురుకున్న కొడుకో కూతురో ఇంటికి తొలి కార్డు తెస్తారు. ఇంటిల్లిపాది పెద్ద కొనుగోలూ దాని మీదే జరిగిపోతుంది.

తెలుగువారికి ఈ కార్డు మరీ కొత్తదేం కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఈ బాట పట్టిన తొలి బ్యాంకుల్లో అదొకటి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పట్లో కార్డంటే పెద్ద ఉద్యోగులకూ వ్యాపారులకూ దక్కే హోదా. 2024 ఆరంభానికి దేశంలో కార్డుల సంఖ్య 10 కోట్లు దాటింది. హోదా పోయి అవసరం మిగిలింది.

యాభై రోజులా, ఇరవయ్యొక్క రోజులా?

కార్డులో వడ్డీ లేని గడువు ఉన్నమాట నిజం. అయితే ఆ గడువు అందరికీ, అన్ని రోజులూ ఒకేలా ఉండదు. ఒక కార్డుకు ప్రతి నెలా 5న బిల్లు తయారై, 25న చెల్లింపు గడువు ముగుస్తుందనుకుందాం. అక్టోబరు 6న కొన్న వస్తువు నవంబరు 5 బిల్లులోకి వస్తుంది. నవంబరు 25 దాకా, అంటే 50 రోజులు పైసా వడ్డీ లేదు. అదే వస్తువు రెండు రోజుల ముందు, అక్టోబరు 4న కొంటే మర్నాటి బిల్లులోనే చేరిపోతుంది. గడువు 21 రోజులే. 'యాభై రోజుల దాకా' అన్న ప్రకటనలో అసలు కిటుకు 'దాకా' అన్న చిన్న మాటలో ఉంది.

ఇక పండగ కొనుగోలు సంగతి. 2025లో ధన్‌తేరస్ అక్టోబరు 18న వచ్చింది. ఆ రోజు ఓ మగ్గం కార్మికుడి ఇంట్లో ఇదే కార్డు మీద రూ. 36,000తో ఫ్రిజ్ కొన్నారనుకుందాం. నవంబరు 5న బిల్లు వస్తుంది, 25లోగా కట్టాలి. కానీ అక్టోబరు ఆఖరి నుంచి నవంబరు నడిమి దాకా మగ్గాలు ఆగి ఉంటే ఆ నెల చేతికొచ్చే కూలీ సగమే. బిల్లు వచ్చేది సరిగ్గా జేబు ఖాళీగా ఉన్న నెలలో.

అప్పుడు కంటికి ఇంపుగా కనిపించే అంకె ఒకటి బిల్లులోనే ఉంటుంది. అదే 'కనీస బకాయి'. మామూలుగా ఇది మొత్తంలో 5 శాతం, అంటే రూ. 1,800. అది కడితే ఆలస్య రుసుం పడదు, కార్డు ఆగదు. అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. కానీ వడ్డీ లేని గడువు ఆ క్షణంలోనే రద్దవుతుంది. వడ్డీ మొదలయ్యేది గడువు దాటిన మర్నాటి నుంచి కాదు, వస్తువు కొన్న రోజు నుంచి.

లెక్క చూద్దాం. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం అనుకుంటే (చాలా కార్డుల మీద ఇది మామూలు రేటే), అక్టోబరు 18 నుంచి నవంబరు 25 దాకా 38 రోజులకు పూర్తి రూ. 36,000 మీద వడ్డీ సుమారు రూ. 1,574. రూ. 1,800 కట్టాక మిగిలిన రూ. 34,200 మీద డిసెంబరు 5 దాకా పది రోజులకు మరో రూ. 394. ఈ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ రూ. 354. మొత్తం రూ. 2,322. అంటే రూ. 1,800 కట్టిన తర్వాత కూడా డిసెంబరు బిల్లులో బాకీ రూ. 36,522. ఫ్రిజ్ కొన్ననాటి అప్పు కన్నా రూ. 522 ఎక్కువ.

అంతటితో అయిపోలేదు. పాత బాకీ పూర్తిగా తీరేదాకా ఆ కార్డు మీద కొత్తగా కొన్న బియ్యం బస్తాకూ మందుల చీటీకీ వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

వడ్డీ ఎవరు కడుతున్నారు?

'అయితే వాయిదాల్లో కొందాం, నో కాస్ట్ ఈఎంఐ ఉందిగా' అంటారు ఎవరైనా. నెలకు రూ. 6,000 చొప్పున ఆరు వాయిదాలు, మొత్తం అదే రూ. 36,000. పైకి లెక్క సరిగ్గానే ఉంది. కానీ బ్యాంకు ఊరికే అప్పివ్వదు. ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే, ఆరు నెలలు ఆరేసి వేలు కట్టించుకోవడానికి బ్యాంకు ఇచ్చే అప్పు సుమారు రూ. 34,378 మాత్రమే. మిగతా రూ. 1,622 వడ్డీ. దాన్ని దుకాణమో తయారీ సంస్థో ముందుగానే తగ్గింపు రూపంలో భరిస్తుంది. వడ్డీ లేకపోవడం కాదు, వేరొకరి ఖాతాలో పడటం. ఆ వేరొకరు దాన్ని ధరలో కలుపుకోరన్న హామీ లేదు. నగదిచ్చి బేరమాడితే దక్కే తగ్గింపు ఇదే కావచ్చు.

వడ్డీని దుకాణం భరించినా దాని మీద జీఎస్టీ మాత్రం కొన్నవారి బిల్లులోనే పడుతుంది. పై లెక్కలో అది రూ. 292. ప్రాసెసింగ్ ఫీజు రూ. 199 అనుకుంటే పన్నుతో కలిపి మరో రూ. 235. ఖర్చు లేదన్న వాయిదాకు రూ. 527 ఖర్చు. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ ముందే చెప్పని ఖర్చు అది.

ఈ విషయం రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో గుర్తించింది. సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో వసూలు చేస్తున్నారని 2013 సెప్టెంబరులో బ్యాంకులను హెచ్చరించింది. 2022 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఆదేశాల్లో అసలెంత, వడ్డీ ఎంత, ఇచ్చిన తగ్గింపు ఎంత అన్నది విడివిడిగా చూపాలని, వడ్డీ ఉన్న వాయిదాలను వడ్డీ లేనివిగా చూపకూడదని స్పష్టం చేసింది.

అవే ఆదేశాల్లో సామాన్యుడికి పనికొచ్చేవి మరికొన్ని ఉన్నాయి. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుం వేయాలి, అదీ కట్టకుండా మిగిలిన మొత్తం మీదే. అడగని కార్డు అంటగట్టకూడదు. బిల్లు తేదీ మార్చుకునే అవకాశం కార్డుదారుకు ఇవ్వాలి. షరతులు అర్థమయ్యే సులభమైన భాషలో, వీలైనంత వరకు ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషల్లో ఉండాలి. చిక్కంతా ఇక్కడే. నవాగామ్‌లో స్థానిక భాషంటే గుజరాతీ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు బడిలో చదువుకున్నవారి మాట ఆ నిబంధనలో లేదు.

వడ్డీకి పైకప్పు ఉండాలా అన్న వాదనా కార్డుదారుకు కలిసిరాలేదు. ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 జులైలో తీర్పిచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అంటే 42 శాతం వడ్డీకి కమిషన్ తీర్పు అడ్డు లేదు. కాపాడాల్సింది కార్డుదారు జాగ్రత్తే.

అప్పు మారింది, కూలీ మారలేదు

ఊరి వడ్డీ వ్యాపారితో పోలిస్తే బ్యాంకు మేలు కదా అన్న ప్రశ్న సబబైనదే. కార్డుకు రసీదు ఉంది, నిబంధన ఉంది, ఫిర్యాదు చేసే చోటు ఉంది. బాకీ వసూలుకు వచ్చేవారు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తేవలసిన పరిస్థితి చూసిన తెలుగువారికి ఆ తేడా తెలుసు.

కానీ పాత అప్పులకు కార్డుకు లేని ఒక గుణం ఉండేది. పని లేని నెలలో వాయిదా జరిగేది. సేఠ్‌కు మగ్గం ఆగిన సంగతి తెలుసు, దుకాణదారుకు పండగ సెలవుల సంగతి తెలుసు. బిల్లు తయారుచేసే యంత్రానికి ఆ రెండూ తెలియవు. జీఎస్టీకి నిరసనగా 2017 జులైలో సూరత్ వస్త్ర వ్యాపారులు దుకాణాలు మూసినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో మగ్గాలు నిలిచిపోయినప్పుడు కూలీ ఆగింది గానీ బిల్లు తేదీ ఆగలేదు. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వ్ బ్యాంకు మారటోరియం ఇచ్చినా కార్డు బాకీ మీద వడ్డీ పెరుగుతూనే ఉంది.

అసలు సమస్య ఇది: అప్పు సంఘటిత రంగంలోకి వచ్చేసింది, ఆదాయం ఇంకా అసంఘటిత రంగంలోనే ఉంది. ఒకటో తారీఖున జీతం పడేవాడికి కార్డు నిజంగానే యాభై రోజుల ఉచిత అప్పు. మీటర్ల లెక్కన బతికేవాడికి అదే కార్డు గడువు తప్పితే 42 శాతం వడ్డీ అప్పు. రూపాయి ఒకటే, తేదీ వేరు.

జీతం చీటీ లేనివారికి బ్యాంకులు చూపే దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు. ఇందులో బ్యాంకుకు దాదాపు ముప్పు లేదు. బాకీ కట్టకపోతే డిపాజిట్ సర్దుకుంటుంది. కొన్నవారికి మాత్రం ఇది చిత్రమైన బేరం. తమ సొమ్ము తక్కువ వడ్డీకి దాచి, దాని మీద 42 శాతం వడ్డీ పడే బాకీ పెట్టుకోవడం. క్రమం తప్పకుండా చెల్లించి, 300 నుంచి 900 దాకా లెక్కించే క్రెడిట్ స్కోరు పెంచుకుని, రేపు ఇంటి అప్పుకు అర్హత తెచ్చుకునేవారికే అందులో లాభం. చెల్లింపు తప్పితే ఆ మచ్చా త్వరగానే పడుతుంది. 2025 జనవరిలో బ్యాంకులు రుణ సమాచారాన్ని పక్షానికోసారి అందజేయడం మొదలుపెట్టాయి.

కార్డు గీకే ముందు

• తొలి పెద్ద కొనుగోలుకు ముందే ఆ మొత్తంలో కనీసం సగం చేతిలో ఉందో లేదో చూసుకోండి. మిగతా సగం రాబోయే కూలీలోంచి రావాలి, రాబోయే పండగ బోనస్ ఆశలోంచి కాదు.

• బిల్లు తయారైన మర్నాడు కొనండి. గడువు ఎక్కువ దొరుకుతుంది.

• బట్వాడా అందిన నాలుగైదు రోజులకు చెల్లింపు గడువు వచ్చేలా బిల్లు తేదీ మార్పించుకోండి. అది మీ హక్కు.

• దీపావళి ముందు కొనేటప్పుడు బిల్లు వచ్చే నెలలో మగ్గం ఎన్నాళ్లు ఆడుతుందో లెక్కేయండి.

• 'నో కాస్ట్' వాయిదా అడిగే ముందు నగదు ధర అడగండి. రెంటి తేడాయే అసలు వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కాగితం మీద రాయించుకోండి.

• పూర్తి బిల్లు కట్టలేని నెల వస్తే కనీస బకాయితో ఆగకండి. గడువుకు ముందే బ్యాంకును అడిగి బాకీని వాయిదాల్లోకి మార్పించుకోండి. 42 శాతం కన్నా తక్కువ రేటు దొరికే అవకాశం ఉంది.

• ఫిర్యాదును బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి ఫీజు లేదు.

ఈ జాగ్రత్తలన్నీ కార్డుదారు తీసుకోవాల్సినవే. బ్యాంకులు చేయగలిగింది కూడా ఒకటుంది. పంట అప్పుకు కోతల కాలాన్ని బట్టి గడువు పెట్టడం మన బ్యాంకులకు కొత్త కాదు. మగ్గానికీ ఒక కాలముంది, దీపావళి సెలవులు ఏటా వచ్చేవే. కూలీ కుటుంబానికి కార్డిచ్చే బ్యాంకు ఆ ఒక్క నెల గడువును కొద్దిగా జరిపితే, బ్యానర్ మీది 'వడ్డీ లేదు' అన్న మాట నవాగామ్‌లోనూ నిజమవుతుంది.