గొట్టంలో గాలివేగం: ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు చాలునని మన పెద్దలమాట. గొట్టంలో ప్రవహించే వాయువు విషయంలో మాత్రం ఈ సూత్రం చెల్లదు.

1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. బ్లాస్ట్ ఫర్నేస్ ఇనుముతోబాటు ఇంధన వాయువును కూడా ఇస్తుంది. ఆ వాయువులో ఐదవవంతుకు అటూ ఇటూగా ఉండేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్ 12న ఇక్కడ జరిగిన వాయు ప్రమాదంలో ఆరుగురు అసువులు బాశారు. ఈ వాయువును కొలిమిలో పూర్తిగా దహింపజేయాలంటే తగినంత గాలి అందాలి. ఆ గాలిని కొలిచే సాధనాలలో ఎనిమోమీటరు ఒకటి.

దుమ్ము, తేమ, నిప్పురవ్వ భయం ఉన్నందున మండే వాయువు గొట్టాలలో సాధారణ ఎనిమోమీటరును వాడరాదు. అక్కడ ఆరిఫీస్ పలక, వెంచురీ, పిటాట్ గొట్టం వంటివి వాడతారు. గాలి గొట్టాలలోనూ, వెంటిలేషన్ నాళాలలోనూ ఎనిమోమీటరు చక్కగా పనిచేస్తుంది. అయితే అది చెప్పేది తానున్న చోటి వేగం మాత్రమే.

శివనాథ్ నదిని చూడండి. నడుమ ఉరవడి ఎక్కువ, ఒడ్డున తక్కువ. గొట్టంలోనూ అంతే. కనుక గొట్టపు వైశాల్యాన్ని సమాన భాగాలుగా విభజించి, పరస్పరం లంబంగా ఉన్న రెండు వ్యాసాల వెంట పలుచోట్ల వేగాన్ని కొలిచి సగటు తీయాలి. వంపులకు, వాల్వులకు దూరంగా, తిన్నని భాగంలో కొలవాలి.

ఒక ఉదాహరణ. గొట్టం వ్యాసం 1 మీటరు, వైశాల్యం 0.785 చదరపు మీటర్లు. సగటు వేగం సెకనుకు 10 మీటర్లయితే గంటకు 28,260 ఘనపు మీటర్లు. నడుమ మాత్రమే కొలిచి 12 మీటర్లని వ్రాసుకుంటే లెక్క 33,900 దాటుతుంది. మరొక సవరణ కూడా ఉన్నది. వేసవిలో గాలి 40 డిగ్రీల వద్ద వ్యాకోచించి ఉంటుంది. పీడనం వాతావరణ పీడనమే అనుకుంటే, సున్నా డిగ్రీల ప్రమాణానికి మార్చినప్పుడు నిజమైన ప్రవాహం సుమారు 24,650 మాత్రమే. అనగా తొందరపాటు కొలత మూడవ వంతుకు పైగా ఎక్కువ చూపుతున్నది.

ఈ తప్పు కాగితం మీద ఆగదు. గాలి సమృద్ధిగా ఉన్నదని నమ్మి వాయువును పెంచితే దహనం అసంపూర్ణమవుతుంది. ఇంధనం వృథా అవుతుంది. కార్బన్ మోనాక్సైడ్ మిగిలి బయటపడుతుంది. ఇరవై చోట్ల కొలవడానికి పట్టే కాలం కొద్దిపాటిది. ఆ ఓపిక ఇంధనానికి పొదుపు, తోటి కార్మికునికి రక్ష.