వార్తల్లో పదం: డోపమైన్

ఫోన్ చూస్తే డోపమైన్, లైకులొస్తే డోపమైన్ అని ఊదరగొడుతున్నారు. నాడీ కణాల మధ్య సందేశాలు మోసే రసాయనమిది. మెదడు సంగతి సరే. ఒంట్లో తయారయ్యే డోపమైన్‌లో దాదాపు సగం జీర్ణకోశం వైపే పుడుతుందన్నది మాత్రం పెద్దగా వార్త కాలేదు.

కడుపు పుండ్లతోనూ డోపమైన్‌కు సంబంధముంది. తీవ్ర ఒత్తిడికి గురైన ఎలుకల కడుపులో పుండ్లు పడతాయని హాన్స్ సెల్యే 1936లోనే రాశారు. తర్వాతి ప్రయోగాల్లో డోపమైన్‌లా పనిచేసే మందులిస్తే ఆ పుండ్లు తగ్గాయి, దాన్ని అడ్డుకునేవి ఇస్తే ముదిరాయి. అయితే ఇది ఎలుకల మాట. మనుషుల్లో ఒత్తిడి పుండు ఎక్కువగా ఒళ్లు కాలినవారికి, తలకు దెబ్బ తగిలినవారికి, వెంటిలేటర్ మీదున్నవారికి వస్తుంది. పరీక్షల బెంగతో కడుపు మండితే ఆ పేరు పెట్టేయడం తొందరపాటే. మామూలు అల్సర్లకు ముఖ్య కారణాలు హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియాను పట్టుకున్న మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

బొబ్బిలి బజారులో గ్యాస్ క్యాప్సూల్ కొంటే అట్ట వెనక చదవండి. చాలావాటిలో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్‌తోపాటు డోంపెరిడోన్ ఉంటుంది. చిత్రమేమిటంటే, అది డోపమైన్‌ను అడ్డుకునే మందే! వాంతులు ఆపడానికి పనికొస్తుంది గానీ పుండు మాన్పదు. కొందరిలో గుండె లయ తప్పిస్తుంది కూడా. డాక్టరు చీటీ లేకుండా నెలల తరబడి మింగకండి. విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో నెత్తురు కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.