పరంజా మీంచి పడితే..

ఇల్లు కట్టించేటప్పుడు సిమెంటు ఏ కంపెనీదో అడుగుతాం. ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని చూస్తాం. పైఅంతస్తు గోడకు ప్లాస్టరింగ్ చేస్తున్న బేల్దారి దేనిమీద నిలబడ్డాడో చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఎత్తునుంచి పడి మా దగ్గరికొచ్చేవాళ్లు పెద్ద పెద్ద టవర్ల మీంచి పడినవాళ్లు కాదు. ఒకటి, రెండు అంతస్తుల ఇళ్ల దగ్గర పడినవాళ్లే.

‘పది అడుగులే కదా’ అనిపిస్తుంది. పది అడుగుల నుంచి జారిన మనిషి ముప్పావు సెకనులో నేలను తాకుతాడు. అప్పటికి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. అదే 20 అడుగులైతే 39. బైకు మీద ఆ వేగంతో వెళ్లి గోడను గుద్దుకున్నట్టే.

వెనకటికి పరంజా అంటే సర్వి కర్రలు, కొబ్బరి తాళ్లు. కర్ర లోపల పుచ్చినా, తాడు ఎండకు చివికినా పైకి తెలిసేది కాదు. లండన్‌లో డేనియల్ పామర్ జోన్స్ అనే ఆయన తాళ్లకు బదులు లోహపు బిగింపులు తయారుచేశారు. 1913లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పనుల్లో వాటిని వాడారు. ఆ తర్వాత ఇనుప పైపులొచ్చాయి. ఇప్పుడు మన పట్టణాల్లోనూ పైపుల పరంజా అద్దెకు దొరుకుతోంది. కానీ మన దగ్గర మార్పు సగమే వచ్చింది. కర్ర పోయి పైపు వచ్చినా, నిలబడేందుకు ఇప్పటికీ ఒకే పలక. దాన్నీ కట్టరు. నడుము ఎత్తులో అడ్డపైపూ ఉండదు.

ఇనుముతో కొత్త ప్రమాదాలూ వచ్చాయి. పైపు కరెంటు తీగకు తగిలితే పరంజా మీదున్న అందరికీ షాక్ కొడుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి నేలల్లో వాన పడితే పైపు కాలు దిగబడుతుంది. కింద వెడల్పాటి మందపు చెక్క వేయించండి. బెల్టు కూడా నడుముకు కట్టేది కాదు, తొడలను, భుజాలను పట్టి ఉంచే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. నడుము బెల్టుతో వేలాడితే బరువంతా పొట్ట మీదే పడి లోపలి అవయవాలు దెబ్బతినొచ్చు. హార్నెస్‌లో వేలాడుతున్న మనిషినైనా వెంటనే దించాలి. కదలకుండా ఉండిపోతే రక్తం కాళ్లలో నిలిచిపోయి స్పృహ తప్పుతుంది.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో 10 లక్షల రూపాయలకు మించని సొంతింటి పనులకు మినహాయింపు ఉండేది. చిన్న ఇళ్ల దగ్గర ఈ జాగ్రత్తలు అడగాల్సింది ఇంటివాళ్లే. మేస్త్రితో రేటు మాట్లాడేటప్పుడే పరంజా సంగతీ మాట్లాడండి. అద్దె కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఫిజీషియన్‌గా ఇంకో మాట. పరంజా గట్టిగా ఉన్నా ఎక్కే మనిషికి కళ్లు తిరిగితే లాభం లేదు. మూర్ఛ ఉన్నవాళ్లు ఎత్తున పని చేయకూడదు. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఎక్కడం ప్రమాదం. రాత్రి మందు తాగి పొద్దున్నే పనిలోకి వచ్చినవాళ్లను ఆ రోజు కిందే ఉంచాలి. మన కడప ఎండల్లో మధ్యాహ్నం పై పనులు ఆపించి, మజ్జిగో ఉప్పు కలిపిన నీళ్లో ఇవ్వండి.

ఎవరైనా పడిపోతే లేపి కూర్చోబెట్టడం, నీళ్లు తాగించడం, కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో ఎక్కించడం అందరూ చేసే పనే. వెన్నెముక విరిగి ఉంటే ఆ కుదుపుకే కాళ్లు చచ్చుబడొచ్చు. కదపకుండా, తల, మెడ నిటారుగా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. వాంతి వస్తే తల, మెడ, నడుము మెలిపడకుండా నలుగురు కలిసి ఒకేసారి పక్కకు తిప్పాలి. పాదాల మీద పడి మడమ విరిగినవాళ్లకు నడుము దగ్గర వెన్నుపూస కూడా నలిగి ఉండొచ్చు. నొప్పంతా కాల్లోనే ఉందని చెప్పినా నడుముకు ఎక్స్‌రే అవసరం కావచ్చు.

తలకు దెబ్బ తగిలినా ‘నాకేం కాలేదు సార్’ అంటూ లేచి నడిచేవాళ్లుంటారు. మెదడుపై రక్తం నెమ్మదిగా చేరుతుంటే కొన్ని గంటల వరకు బాగానే మాట్లాడతారు. అందుకే వాళ్లనూ అప్పుడే ఆసుపత్రిలో చూపించాలి. ఇంటికి పంపించినా ఆ రాత్రి పక్కన ఒకరుండి మధ్యమధ్యలో లేపి పలకరించాలి. మత్తుగా ఉన్నా, మాట తడబడినా, వాంతులవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. చక్రాయపేట లాంటి చోటు నుంచి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరడానికే చాలా సమయం పడుతుంది.