మురుగును మీదికెక్కించు మర

నీరు పల్లమెరుగునని సామెత. ఇంటిలోని మరుగుదొడ్డి పనిచేయుట ఈ సామెత మీదనే ఆధారపడియున్నది. టాంకులోని నీరు ఒక్కసారిగా బేసిన్‌లో పడి, మలమును తోసికొని, సుమారు 100 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టము గుండా దిగువనున్న మురుగుకాలువకు జారిపోవును. ఇంగ్లండులో సర్ జాన్ హారింగ్టను 1596లో నీటితో కడుగు మరుగుదొడ్డిని వర్ణించెను. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ వంపు గొట్టముతో కూడినదానికి పేటెంటు పొందెను. ఆ వంపులో ఎల్లప్పుడును నిలిచియుండు నీరు దుర్వాసనను ఇంటిలోనికి రానీయదు. నాటినుండి ఎన్ని మార్పులు వచ్చినను, మురుగును కదలించి కాలువకు చేర్చునది గురుత్వాకర్షణయే.

మరి మరుగుదొడ్డి మురుగుకాలువకంటె దిగువన ఉన్నచో ఏమి చేయవలెను? బ్రిటను, ఫ్రాన్సు దేశములలో పాత ఇండ్ల నేలమాళిగలను నివాసపు గదులుగా మార్చుట కలదు. మెట్లెక్కలేని వృద్ధులకొరకు క్రింది అంతస్తులో, ప్రధాన గొట్టమునకు దూరముగా, క్రొత్త మరుగుదొడ్డి అమర్చవలసి వచ్చుటయు కలదు. అట్టి చోట్ల నేలను పగులగొట్టి, వెడల్పైన గొట్టమును తగిన వాలుతో వేయుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. ఈ చిక్కునకు పరిష్కారముగా ఫ్రాన్సుకు చెందిన ఎస్.ఎఫ్.ఏ. అను సంస్థ 1958లో ఒక మరను రూపొందించెను. దీనినే మేసరేటర్ అందురు. ఇది మలమును, కాగితమును మెత్తగా నూరి, నీటితో కలిపి, సన్నని గొట్టము గుండా మీదికి తోయును.

ఆ దేశములకు వెళ్ళిన తెలుగువారిలో కొందరు అద్దెయిండ్లలో ఈ మరను మొదటిసారి చూతురు. దాని స్వభావము తెలియక మామూలు మరుగుదొడ్డివలె వాడినచో, అది ఒకనాడు పూడిపోవును. ఇంటిలో మెట్లెక్కలేని తల్లియో తండ్రియో ఉన్నచో, ఆ ఒక్కరోజు ఇబ్బంది చిన్నది కాదు. తొందరపడి మూత తెరచి చేయిపెట్టినచో అపాయము మరింత పెద్దది. కావున మరమ్మతుకు పూనుకొనుటకు ముందు మర పనిచేయు తీరును తెలిసికొనుట అవసరము.

మర పనిచేయు విధము

బేసిన్ వెనుక ఒక ప్లాస్టిక్ పెట్టె ఉండును. నీరు, మలము మొదట అందులోనికి చేరును. పెట్టెలో క్రింది వైపు తెరచియున్న చిన్న గది ఒకటి కలదు. దాని పైభాగమున పలుచని రబ్బరు పొర, ఆ పొర మీద ఒక విద్యుత్ మీట ఉండును. పెట్టెలో నీటిమట్టము పెరిగినకొలది ఆ చిన్న గదిలో చిక్కుకొన్న గాలి నొక్కుకొనిపోవును. గాలి పొరను, పొర మీటను పైకి నెట్టును. వెంటనే మోటారు తిరుగ నారంభించును.

గాలి ఒత్తిడి మీటను కదలించునంత బలమైనదా అను సందేహము కలుగవచ్చును. లెక్క చూతము. నీటిమట్టము 10 సెంటీమీటర్లు పెరిగినచో పీడనము సుమారు 980 పాస్కలులు పెరుగును. పొర వైశాల్యము 50 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో, దాని మీద పనిచేయు బలము 4.9 న్యూటనులు. అనగా అర కిలోగ్రాము బరువుతో సమానము. చిన్న మీటను నొక్కుటకు ఇది చాలును.

మోటారు ఇరుసుకు కత్తులు, వాటి దిగువన అపకేంద్ర పంపు బిగించియుండును. 50 హెర్ట్‌జుల విద్యుత్తుతో ఇట్టి మోటారు నిమిషమునకు సుమారు 2800 సారులు తిరుగును. కత్తులు నూరిన పదార్థమును పంపు బయటి గొట్టములోనికి తోయును. ఈ గొట్టపు వ్యాసము సాధారణముగా 22 లేక 32 మిల్లీమీటర్లు మాత్రమే. కొన్ని సెకనులలో పెట్టె ఖాళీయగును. గాలి ఒత్తిడి తగ్గి, మీట యథాస్థానమునకు వచ్చి, మోటారు ఆగిపోవును. పైకెక్కిన నీరు తిరిగి దిగకుండ గొట్టము మొదట ఒక ఏకదిశా కవాటము ఉండును.

ఈ కవాటము ఎంత ముఖ్యమైనదో మరియొక లెక్కవలన తెలియును. నీటిని 4 మీటర్ల ఎత్తునకు ఎక్కించుటకు పంపు 39 కిలోపాస్కలుల పీడనమును, అనగా వాతావరణ పీడనములో రమారమి ఐదింట రెండు వంతులను, కలిగింపవలెను. గొట్టపు లోపలి వ్యాసము 20 మిల్లీమీటర్లయినచో ఆ 4 మీటర్లలో దాదాపు ఒకటింబావు లీటరు నీరు నిలిచియుండును. కవాటము సరిగా మూసికొననిచో ఈ నీరంతయు వెనుకకు దిగి పెట్టె నిండును. మోటారు దానంతట అదియే తిరిగి మొదలగును. అర్ధరాత్రి ఎవరును వాడకున్నను మర చప్పుడు చేయుటకు ఇది ఒక కారణము.

పూడికకు కారణములు

100 మిల్లీమీటర్ల గొట్టపు అడ్డుకోత వైశాల్యము 20 మిల్లీమీటర్ల గొట్టముకంటె 25 రెట్లు పెద్దది. కావున మామూలు మరుగుదొడ్డి సహించు వస్తువును మేసరేటర్ సహింపలేదు. మలము, నీరు, మరుగుదొడ్డి కాగితము తప్ప మరేదియు అందులో పడరాదు.

అన్నింటికన్న ఎక్కువ కీడుచేయునవి తడి తుడుపుగుడ్డలు. చూచుటకు కాగితమువలెనే ఉన్నను వాటి నిర్మాణము వేరు. మరుగుదొడ్డి కాగితములోని పొట్టి సెల్యులోజు పోగులను ముఖ్యముగా హైడ్రోజను బంధములు పట్టియుంచును. నీరు ఆ బంధముల నడుమ చొరబడగానే పోగులు విడిపోవును. తుడుపుగుడ్డలలో పొడవైన పోగులు ఒకదానితోనొకటి పెనవేసికొనియుండును. పెక్కింటిలో పాలియెస్టరువంటి ప్లాస్టిక్ పోగులును కలవు. నీరు వీటిని విడదీయలేదు. కత్తులకు చిక్కినపుడు అవి తెగుటకు బదులు త్రాడువలె ఇరుసుకు చుట్టుకొనును. దూది, తలవెండ్రుకలు, పండ్లు శుభ్రపరచు దారము, స్త్రీలు వాడు రుతుస్రావపు పట్టీలు కూడ ఇట్టివే.

పోపునూనె, నేయి, మాంసపు క్రొవ్వు పారబోయుటయు తప్పే. వేడిగా ఉన్నపుడు ద్రవముగా జారినను, చల్లని గొట్టములో అవి గడ్డకట్టును. 2017లో లండను నగరపు వైట్‌చాపెల్ ప్రాంతమున భూగర్భ మురుగుకాలువలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువుగల గడ్డ బయటపడెను. అది క్రొవ్వు, తుడుపుగుడ్డలు మొదలగు వ్యర్థములు పేరుకొనగా ఏర్పడినది. అంత పెద్ద కాలువనే పూడ్చినవి వ్రేలెడు గొట్టమును పూడ్చుటలో వింత ఏమున్నది?

లక్షణములనుబట్టి నిదానము

వైద్యుడు లక్షణములనుబట్టి రోగమును గుర్తించినట్లే ఇక్కడను చప్పుడునుబట్టి లోపమును ఊహింపవచ్చును.

1. మోటారు గుయ్యిమనుచు తిరుగకున్నచో, కత్తులకు ఏదో అడ్డుపడినదని గాని, కెపాసిటరు చెడినదని గాని తలచవలెను. తిరుగని మోటారు మామూలుకంటె అనేక రెట్లు విద్యుత్తును లాగి వేడెక్కును. కావున వెంటనే ఆపవలెను.

2. మోటారు తిరుగుచున్నను నీరు తగ్గకున్నచో, పంపులోనో బయటి గొట్టములోనో పూడిక కలదు. స్నానపు తొట్టి కూడ ఇదే పెట్టెకు కలిపియున్నచో మురుగు మొదట అందులో కనబడును. ఏలయనగా కలిసియున్న పాత్రలలో నీరు ఒకే మట్టమునకు వచ్చును. వాటిలో తొట్టి అడుగు అన్నింటికన్న తక్కువ ఎత్తున ఉండును.

3. పెట్టె ఖాళీయైనను మోటారు ఆగకున్నచో, పొర గదిలో మడ్డి పేరుకొని మీట ఇరుక్కొనియుండును.

4. అప్పుడప్పుడు దానంతటదే మొదలగుచున్నచో, ఫ్లష్ టాంకు కారుటయో, కవాటము చెడుటయో కారణము.

5. గలగల చప్పుడు వచ్చినచో గట్టి వస్తువు పడినది. చప్పుడే లేనిచో ముందుగా విద్యుత్తును, ఫ్యూజును చూడవలెను.

మరమ్మతు క్రమము

మొదటి పని విద్యుత్తును ఆపుట. మర మీట నొక్కినంత మాత్రము చాలదు. ఇంటి విద్యుత్ పెట్టెలో ఆ మార్గమును తెంచి, మరియొకరు పొరపాటున కలుపకుండ చూడవలెను. 230 వోల్టుల విద్యుత్తు, తడి నేల, కత్తులు మూడును ఒకచోట కలవు. నీటిమట్టము కొంచెము పెరిగినను మర తనంతట తానే తిరుగునని మరువరాదు.

తరువాత నీటి సరఫరాను కట్టివేయవలెను. రబ్బరు తొడుగులు, కండ్లద్దాలు ధరించి, బేసిన్‌లోను పెట్టెలోను ఉన్న నీటిని చెంబుతో తోడి బకెట్టులో పోయవలెను. పెట్టె మూత తీసి, చిక్కుకొన్న వస్తువును పట్టకారుతో తీయవలెను. వేళ్ళు ఎంతమాత్రమును పెట్టరాదు. ఇరుసు తేలికగా తిరుగుచున్నదో లేదో పనిముట్టుతోనే పరీక్షింపవలెను. పొర గదిలోని మడ్డిని మెత్తని కుంచెతో తుడువవలెను.

బయటి గొట్టమును విప్పవలసినచో, అందులో నిలిచిన లీటరుకు పైబడిన మురుగు ఒక్కసారిగా దిగునని తలచి బకెట్టును సిద్ధముగా ఉంచవలెను. మోటారు కప్పును మాత్రము విప్పరాదు. విద్యుత్తును ఆపిన పిదపకూడ కెపాసిటరులో ఆవేశము మిగిలియుండవచ్చును. ఆ పని, రబ్బరు బిగింపులు మార్చు పని తెలిసినవారికే వదలుట మేలు. అన్నియు బిగించిన తరువాత శుభ్రమైన నీరు పోసి, విద్యుత్తును కలిపి, మర కొద్ది సెకనులలో ఆగుచున్నదో లేదో గమనింపవలెను. చివరకు చేతులు సబ్బుతో కడిగి, నేలను క్రిమిసంహారిణితో తుడువవలెను.

చేయరాని పనులు

కాస్టిక్ సోడా గాని, సలసల కాగు నీరు గాని పోయరాదు. అవి రబ్బరు భాగములను చెడగొట్టును. పూడిక తీయు తీగను బేసిన్ గుండా దూర్చరాదు. అది కత్తులకు చిక్కుకొనును. కఠినజలము వాడు ప్రాంతములలో పెట్టెలో కాల్షియం కార్బొనేటు పేరుకొనును. సిట్రికామ్లమువంటి మృదువైన ఆమ్లము దానిని కరగించి, కార్బను డయాక్సైడు బుడగలను వెలువరించును. కాని బ్లీచింగు ద్రవము పోసిన పెట్టెలో ఆమ్లమును ఎన్నడును పోయరాదు. ఆ రెండును కలిసినచో క్లోరిను వాయువు పుట్టును. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకము కాగలదు.

మరియొక సంగతి. విద్యుత్తు లేనిచో ఈ మర పనిచేయదు. ఇంగ్లండులో గృహనిర్మాణ నియమములను వివరించు ప్రభుత్వ పత్రము, ఇంటిలో గురుత్వాకర్షణచే పనిచేయు మరుగుదొడ్డి వేరొకటి అందుబాటులో ఉన్నపుడే మేసరేటర్‌ను అమర్చవచ్చునని చెప్పుచున్నది.

తరగతిలో ఒక ప్రయోగము

రెండు మూతగల సీసాలలో సగము వరకు నీరు పోసి, ఒకదానిలో మరుగుదొడ్డి కాగితపు ముక్కను, రెండవదానిలో అంతే కొలతగల తడి తుడుపుగుడ్డ ముక్కను వేయవలెను. రెండింటిని ఒకే విధముగా రెండు నిమిషములు కుదిపి, వాటిలోనిదానిని జల్లెడలో వంపవలెను. కాగితము గుజ్జువలె విడిపోవును. గుడ్డ మాత్రము చెక్కుచెదరక జల్లెడలో నిలుచును. జల్లెడకు బదులుగా 20 మిల్లీమీటర్ల గొట్టమును ఊహించుకొన్నచో, మేసరేటర్ ఏల పూడునో విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.