పాంటూన్ బోటుకి మోటారు ఎంత ఎత్తులో బిగించాలి?

కిందటిసారి అట్లాంటా పక్కన లేక్ లానియర్ మీద మా పాంటూన్ బోటు చూపించాను కదా, ఇవాళ దాని వెనక వైపు సంగతి. అంటే అవుట్‌బోర్డ్ మోటారు బిగించిన ఎత్తు. అంగుళంన్నర తేడా మా రెండు వేసవులు తినేసింది.

మేం మూడు కుటుంబాలం కలిసి ఈ బోటుని పాతది కొన్నాం. రెండు గొట్టాలది, 22 అడుగులు, 115 గుర్రాల మోటారు. తిన్నగా పోతే బాగానే పోయేది. మలుపు తిప్పామా, మోటారు గుయ్‌మని అరిచేది, బోటు మాత్రం జోరు అందుకునేది కాదు. ప్రొపెల్లర్ పోయిందన్నారు మా బావగారు. కొత్తది కొన్నాం. అదే అరుపు! తర్వాత ఒక జూలై ఆదివారం, బోటులో పదిమందిమి, మా అత్తగారితో సహా. లేక్ మధ్యలో వేడెక్కిందని అలారం కొట్టి, మోటారు తనంతట తనే వేగం తగ్గించేసుకుంది. ఆ ఎండలో ఒడ్డు చేరేసరికి గంటన్నర. ఆవిడ ఆ తర్వాత చాలాకాలం బోటు ఎక్కలేదు.

ఏమైందంటే... ఊళ్ళో వ్యవసాయ బావి చూసినవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. నీరు తగ్గి ఫుట్‌వాల్వు పైకి తేలితే పంపు గాలి పీలుస్తుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు రావు. ఇక్కడా అంతే. ప్రొపెల్లర్ మరీ పైకి ఉంటే పైనుంచి గాలి లాక్కుంటుంది, నీటి మీద పట్టు పోతుంది. ఇంజనుని చల్లబరిచే నీరు కూడా ఆ కింది భాగం నుంచే లోపలికి వెళ్తుంది కాబట్టి, దాంట్లో గాలి కలిస్తే వేడెక్కడమూ ఖాయమే.

ఆ గాలిని ఆపడానికే ప్రొపెల్లర్‌కి పైన బల్లపరుపుగా ఒక రెక్క ఉంటుంది, ఇదిగో, ఇది. యాంటీ వెంటిలేషన్ ప్లేటు. చాలామంది క్యావిటేషన్ ప్లేటు అంటారు, అది తప్పు. క్యావిటేషన్ అంటే ప్రొపెల్లర్ రెక్క దగ్గర పీడనం పడిపోయి నీరే ఆవిరి బుడగలవడం. అది వేరే జబ్బు.

ఎత్తు జోలికి వెళ్ళేముందు షాఫ్ట్ పొడవు చూసుకోండి. 15, 20, 25 అంగుళాల్లో వస్తాయి. పొట్టి షాఫ్ట్ పెట్టి ఉంటే ఏ రంధ్రానికి మార్చినా లాభం లేదు.

ఇప్పుడు కొలత. మామూలు ఫైబర్ బోటుకైతే అడుగు అంచుకి ప్లేటు సమానంగా పెట్టమంటారు. అదే సూత్రం పట్టుకుని పాంటూన్‌కి గొట్టాల అడుగు నుంచి కొలిస్తే తప్పుదారి పడతాం. మోటారు ముందున్నది గొట్టం కాదు, రెండు గొట్టాల మధ్య నీరు. అందుకని నేను మోటారు తగిలించే అల్యూమినియం పాడ్ ఉంది చూశారా, దాని అడుగు అంచుకి ప్లేటు సమానంగా పెట్టి మొదలుపెడతాను. మూడు గొట్టాల బోటుకి నడిమి గొట్టం వెనక నీరు నురగతో వస్తుంది, ఇంకాస్త లోతు కావాల్సి రావచ్చు. ఏదైనా ట్రెయిలర్ మీద కొలిచింది మొదలు మాత్రమే. అసలు లెక్క నీళ్ళ మీదే.

మీరు మామూలుగా ఎంతమందితో వెళ్తారో అంతమందిని ఎక్కించండి. ఇది ముఖ్యం! ఇద్దరితో సరిచూసి పదిమందితో వెళ్తే, పిల్లలంతా ముందుకి చేరగానే వెనక భాగం లేచి మళ్ళీ గాలి పీలుస్తుంది. ట్రిమ్ మధ్యలో పెట్టి, తిన్నగా జోరుగా పోనిచ్చి ప్లేటు చూడాలి. నీటి పైమట్టంలో, పల్చటి నీటిపొర దాని మీదుగా జారుతూ కనబడాలి. బాగా మునిగిపోయి ఉంటే మోటారు లోతు ఎక్కువైంది: వెనక తుంపర లేస్తుంది, ఆర్‌పీఎం పుస్తకంలో రాసినంత అందదు. తర్వాత మలుపులు తిప్పి చూడండి. నీటి పీడనం మీటరుంటే దాని మీదా ఒక కన్నేయండి.

ఒక్క మాట. మా మేనల్లుడు "మావయ్యా, నేను చూస్తా"నని వెనక్కి వంగబోయాడు. వద్దండీ! కింద ప్రొపెల్లర్ తిరుగుతోంది. ఫోన్‌ని కర్రకి కట్టి వీడియో తీయండి. నడిపేవాళ్ళు కిల్ స్విచ్ తాడు తగిలించుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు మోటారు బోట్లలో చాలావాటికి అది ఇక్కడ చట్టం కూడా.

మార్చడం మాత్రం సులువే. బ్రాకెట్‌కి వరసగా రంధ్రాలుంటాయి, ఒక్కోదానికి ముప్పావు అంగుళం తేడా. కాకపోతే మోటారు 160 కిలోల పైమాటే, హాయిస్ట్‌తో వేలాడదీశాకే బోల్టులు విప్పాలి. కింద జాకీ పెట్టి సరిపెట్టొద్దు. మళ్ళీ బిగించేటప్పుడు మెరైన్ సీలెంట్ కొత్తగా పూయండి.

మాది ఒక రంధ్రం దించాం. నలుగురితో అరుపు పోయింది, పదిమందితో పోలేదు. ఇంకో రంధ్రం దించాం, పూర్తిగా పోయింది. గంటకి ఒక మైలు వేగం తగ్గింది. బావగారికి ఆ మైలు మీద ఇంకా బెంగే. నాకు లేదు, మా బోటులో ముసలివాళ్ళూ పిల్లలూ ఉంటారు. కొత్త ప్రొపెల్లర్ మాత్రం దండగ ఖర్చు.

మొన్న జూన్‌లో అత్తగారు మళ్ళీ ఎక్కారు. లైఫ్ జాకెట్ వేసుకుని, వెనక సీట్లోనే కూర్చుంటానన్నారు. వెనక బరువుంటే మోటారుకీ మంచిదే. ప్రొపెల్లర్ పిచ్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండీ.